బండపరుపులపై పాచియు లైకెను మచ్చలును: బ్లీచింగు పొడితో తొలగించు విధము

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ప్రాంతములు వానకు ముఖము వాచిన సీమలు. ఏడాది మొత్తమున సగటున 550 మిల్లీమీటర్ల వర్షమైనను పడుట కష్టము. అందును పెద్దభాగము సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే కురిసి పోవును. ఇట్టి మెట్టసీమ రైతునకు పాచిని గూర్చి పత్రము వ్రాయుట యేల యని కొందఱు నవ్వవచ్చును. కాని వాన తక్కువైన యూరిలోనే నీరు ఒక్కచోట చేరి యుండును. బోరు తొట్టి క్రింద, జలకమాడు బండమీద, పశువుల కుడితితొట్టి ప్రక్కన, మిద్దె గొట్టము నుండి నీరు జాఱు మూలన, ఏడాది పొడవునను తడి యాఱదు. ఊరెల్ల యెండి యుండగా ఆ నాలుగు చోట్లనే పాచి పట్టును. ఇంటివారు దినమునకు పదిమార్లు నడచు చోట్లును అవియే.

ముసలివారు జాఱిపడి తుంటియెముక విఱుగగొట్టుకొనుట మన పల్లెలలో క్రొత్త సంగతి కాదు. అట్లు పడినవారిలో మరల లేచి తమంత తాము నడచినవారు కొందఱే. చూడికట్టిన ఆవు బండపై కాలు జాఱి పడినచో దూడయు దక్కకపోవచ్చును, ఆవును దక్కకపోవచ్చును. నీళ్లబిందె చంకనుంచుకొని వచ్చు స్త్రీకి కాలిక్రింది బండ కనబడదు. కావున ఈ విషయము ఇంటి సొగసునకు సంబంధించినది మాత్రము కాదు.

బండపై నుండునవి యేవి?

వాడుకలో అన్నిటిని పాచి యనియో నాచు అనియో యందురు. కాని బండపై చేరునవి మూడు జాతులు. వానిని వేఱు వేఱుగా గుర్తింపనిచో మందు వృథా యగును.

మొదటిది పలుచని పచ్చని జిగురు. కంటికి కనబడనంత చిన్నవైన శైవలములు కోట్లకొలది చేరి యిట్లు పొరగా నేర్పడును. జాఱుటకు ముఖ్యకారణ మిదియే. రెండవది మెత్తని పచ్చని మఖమలువలె బండల సందులలో పెరుగు నాచుమొక్క. దీనికి చిన్న ఆకులును కాడయు గలవు. నిజమైన వేరు లేదు గాని సన్నని పోగులతో సందులోని మట్టిని పట్టుకొని యుండును. చేతితో లాగిన చాపవలె ఊడివచ్చును.

మూడవది లైకెను. బూడిదరంగు, తెలుపు, పసుపు, ఒక్కొక్కచో నారింజరంగు గల గుండ్రని మచ్చలుగా, రాతికి గజ్జి పట్టినట్లు కనబడునది ఇదియే. మన వంటలలో మసాలాకు వేయు రాతిపువ్వు ఈ కుటుంబములోనిదే. అంగడిలో కొని తినువారును అది బండమీద పెరుగు జీవియని తలపోయరు. లైకెను ఒక మొక్క కాదు. శిలీంధ్ర మొకటియు శైవల మొకటియు కలిసి కాపురము చేయుటచే నేర్పడినది. శిలీంధ్రము ఇల్లును తడియు నిచ్చును. శైవలము ఎండనుండి ఆహారము వండి పెట్టును. ఈ సంగతిని స్విట్జర్లండు దేశస్థుడైన శ్వెండెనరు అను శాస్త్రజ్ఞుడు 1860 తరువాతి యేండ్లలో వెల్లడించినపుడు పండితులు పలువురు నమ్మలేదు. లైకెను మిక్కిలి మెల్లగా పెరుగును. రాతిని కఱచి యుండు పొక్కులవంటి జాతులు ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరుగుటయు కష్టమే. కావున మీ వాకిట అరచేతి వెడల్పు లైకెను మచ్చ యున్నచో, ఆ బండను మీ తాతగారు పఱపించి యుండవచ్చును.

వీనితోపాటు కొండరాళ్లపై నీరు జాఱిన దారిలో నల్లని చారలు కనబడుచుండును. పెనుకొండ కొండపైని గుండ్లను చూచినవారందఱును వానిని ఎఱుగుదురు. అవియు జీవులే. నీలాకుపచ్చ శైవలములని చెప్పబడు సూక్ష్మజీవులు, కొన్ని లైకెనులు కలిసి అట్లు నల్లబాఱును. నెలలతరబడి యెండకు మాడి చచ్చినట్లుండి, ఒక్క వాన పడినంతనే మరల ప్రాణము పోసికొనును. వేసవిలో బండ ఎండినదిగదా, పాచి చచ్చినదిగదా యనుకొనుట ఎంత పొరపాటో దీనినిబట్టి తెలియును.

బ్లీచింగు పొడి యేమి చేయును?

క్లోరినను వాయువును 1774లో షీలే అను స్వీడను దేశపు రసాయనజ్ఞుడు కనుగొనెను. అది రంగులను హరించుటను బెర్తొలే అను ఫ్రెంచివాడు 1785 ప్రాంతమున గుర్తించి వస్త్రములను తెల్లపఱచుటకు ఉపయోగించెను. అంతకు ముందు ఐరోపాలో నారబట్టలను నెలలతరబడి పచ్చికపై నెండవేయుచుండిరి. 1799లో గ్లాస్గో నగరమున టెనెంటు అను వర్తకుడు ఈ వాయువును పొడిసున్నముచే పీల్పించి, మూటకట్టి యమ్మదగిన పొడిగా చేయు విధమునకు హక్కుపత్రము పొందెను. నేడు మన బావులలో వేయు బ్లీచింగు పొడి యదియే.

హిందూపురము, ధర్మవరము ప్రాంతముల పట్టుపురుగుల రైతులకు ఈ పొడిని పరిచయము చేయనక్కఱ లేదు. పురుగుల మనెను, తట్టలను కడుగుటకు నూటికి రెండు పాళ్ల బ్లీచింగు పొడియు, 0.3 పాళ్ల విఱిగిన సున్నమును కలిపిన నీళ్లను వారు పంట పంటకును వాడుచున్నారు. అనగా 10 లీటర్ల నీటికి 200 గ్రాముల పొడి, 30 గ్రాముల సున్నము. ఆ నీళ్లు మిగిలినపుడు వాకిట పలుచని పచ్చ పాచిపై చల్లి రుద్దినను పని జరుగును. వేఱుగా కొననక్కఱ లేదు.

క్లోరిను జీవకణముల గోడలను, పచ్చరంగును కాల్చివేయును. ఇక్కడ ఒక మోసము గలదు. పచ్చరంగు పోవుటయు, జీవి చచ్చుటయు ఒకటి కాదు. పలుచని మందు చల్లిన పది నిమిషములకే బండ తెల్లబడును. ఇంటివారు సంతసించి బకెట్టు కడిగి పెట్టుదురు. కాని పైపొర మాత్రమే చచ్చి, రాతి రంధ్రములలోనివి బ్రదికి యుండును. ఇరువది, ముప్పది దినములలో మరల పచ్చబడును. అపుడు పొడి కల్తీదని అంగడివానిని తిట్టుదురు. కొన్నిమార్లు అదియు నిజమే కావచ్చును గాని, తఱచుగా తప్పు మన తొందరపాటుది.

పొడి కల్తీ కాకున్నను పాతబడుట గలదు. క్రొత్త పొడిలో నూటికి 30 మొదలు 35 పాళ్ల వఱకు పనికివచ్చు క్లోరి నుండును. మూట విప్పి తడిగాలికిని ఎండకును ఉంచినచో ఆ బలము నెలనెలకును తఱిగిపోవును. వాసన ఘాటుగా లేక, ముద్దకట్టి, తడిసియున్న పొడి వట్టి సున్నముతో సమానము. వాసన చూచుట యనగా సంచిలో ముక్కు పెట్టుట కాదు. మూత తీసి మూరెడు దూరమున నిలిచినను తెలియును.

మందు చల్లుటకు ముందు చేయవలసిన పని

మందుకన్న గీకుటయే ముఖ్యము. క్లోరిను తాను తాకిన మొదటి మురికితోనే ఖర్చయిపోవును. బండపై వ్రేలిమందము నాచు, మట్టి, పేడ యుండగా మందు పోసినచో అది ఆ చెత్తను తెల్లపఱచుటకే చాలును, బండను చేరదు. కావున ముందుగా చెక్కతోనో, పాత తాటాకు మట్టతోనో నాచును గీకి, సందులలోని మట్టిని పుల్లతో తీసివేయవలెను. పిదప ఇసుకయు కొబ్బరిపీచును చేర్చి నీటితో రుద్దవలెను. కొంచెము పాచి మాత్రమే యున్నయింట ఈ పనితోనే సరిపోవును. మందే అక్కఱ లేదు. మరుగు నీళ్లు పోసినను మెత్తని నాచు చచ్చును. పశువులు దగ్గఱ నున్న చోట ఇదియే మేలు.

ఇనుప బ్రష్షుతో రుద్దరాదు. అది రాతిని గీఱును. ఆ గీతలలో నీరు నిలిచి, వచ్చు వానకాలమున పాచి రెట్టింపగును. ఇనుపరజను రాతిలో నిలిచి తుప్పుమచ్చయు పడును. తుప్పుమచ్చను బ్లీచింగు తీయజాలదు.

మీ బండ యేజాతిదో కూడ చూచుకొనుడు. మన కొండలనుండి చీల్చిన బూడిదరంగు గుండ్రాయి బండ గట్టిది. కడప, తాడిపత్రి, బేతంచెర్ల నుండి వచ్చు నాపరాయి సున్నపురాయి జాతిది. బ్లీచింగు నీరు క్షారస్వభావము గలది గావున దీనిని తినదు. కాని స్నానపుగదులు కడుగుట కమ్ము యాసిడ్డు పోసినచో సున్నపురాయి బుసబుస పొంగి, నునుపు పోయి, గరుకుబడును. ఆ గరుకులో మునుపటికన్న త్వరగా పాచి పట్టును. యాసిడ్డుతో నాపరాయి తెల్లబడినదని మురియువారు, తమ బండను కొంత నీళ్లపాలు చేసితిమని యెఱుగరు.

కలుపు కొలతయు, చల్లు విధమును

ప్లాస్టికు బకెట్టులో 10 లీటర్ల నీరు పోసి, అందు క్రొత్త పొడి 300 గ్రాములు కొద్దికొద్దిగా చల్లుచు కఱ్ఱతో కలుపవలెను. ఇనుము, సత్తు పాత్రలు పనికిరావు. మందు వానిని తినును. ఇట్లు చేసిన నీటిలో సుమారు నూటికొక పాలు క్లోరి నుండును. మూతవైచి నీడను అరగంట యుంచిన సున్నము అడుగునకు దిగును. పైతేటను వేఱొక బకెట్టులోనికి వంచుకొని దానినే వాడవలెను. అడ్డితో సహా పోసినచో నల్లని కడపబండపై తెల్లని సున్నపుచారలు మిగులును. పాచి మచ్చకన్న అవియే వికారముగ నుండును. పొడికి బదులు సోడియం హైపోక్లోరైటు ద్రవము దొఱకినచో, డబ్బాపై నూటికి 5 పాళ్లని వ్రాసియున్నయెడల, ఒక పాలు ద్రవమునకు నాలుగు పాళ్లు నీరు చేర్చవలెను. దీనిలో సున్నపు అడ్డి యుండదు.

ఉదయమున ఎండ యెక్కకముందు గాని, సాయంకాలమున గాని పని చేయవలెను. మిట్టమధ్యాహ్నము కాలుచున్న బండపై పోసినచో మందు నిమిషములలో ఎండిపోయి ఉప్పు మాత్రము మిగులును. ఎండయు క్లోరినును చెఱచును. మొదట బండను నీటితో తడిపి, నీరు నిలువకుండ ఊడ్చి, చదరపు మీటరునకు సుమారు ఒక లీటరు చొప్పున తేటను గోనెపీచు చీపురుతో పఱపవలెను. చిమ్ముడు యంత్రముతో పొగమంచువలె చల్లరాదు. ఆ తుంపర ఊపిరిలోనికి పోవును. ఇరువది నిమిషముల సేపు ఎండకుండ చూచి, పిదప చీపురుతో రుద్ది, మంచినీటితో రెండుమార్లు కడుగవలెను. పదునైదు దినముల పిదప ఇంకొకమాఱు చేయవలెను. లోపల మిగిలినవి ఈ రెండవమాఱునకే చచ్చును. మొదటిమాఱు ఎంత చిక్కగా కలిపినను రెండవమాఱు చేయకున్న ప్రయోజనము తక్కువ.

లైకెను మచ్చలకు పద్ధతి కొంచెము వేఱు. ఎండిన లైకెను నిద్రించుచున్న దానితో సమానము. ఆ స్థితిలో ఏ మందును దానిని త్వరగా చంపజాలదు. ముందునాటి రాత్రి నీటితో బాగుగా తడిపి, తెల్లవాఱిన పిదప మరల తడిపి, అది ఉబ్బి మెత్తబడిన తరువాత మందు పూయవలెను. అరగంట యుంచి కడిగివేయవలెను. అపుడును మచ్చ ఊడిరాదు. రంగు మాఱి, తెల్లగనో గోధుమవర్ణముగనో అయి అట్లే యుండును. దీనిని చూచి పని చెడినదని ఉలిసుత్తి పట్టుకొనువారు గలరు. శిలీంధ్రపు పోగులు రాతిలోనికి కొన్ని మిల్లీమీటర్లు దిగియుండును. బలిమితో లాగిన రాతిరేణువులతో ఊడివచ్చి గుంట మిగులును. చచ్చిన లైకెను వానకును ఎండకును పొలుసుపొలుసుగ రాలుటకు కొన్ని నెలలు పట్టును. అంతవఱకు ఓర్చుకొనవలెను. రాలిన పిదపను కొన్నిచోట్ల మచ్చ మిగులును. లైకెను స్రవించు ఆమ్లము రాతిలోని సున్నముతో చేరి యేర్పఱచిన పొర అది. దానిని బ్లీచింగు తీయదు. అది జాఱదు, హాని చేయదు, కావున వదలివేయుటయే తెలివి.

ప్రమాదములు

ఈ భాగమును చదువనివారు పైభాగమును చదివి పనిలోనికి దిగరాదు.

బ్లీచింగు పొడికి యాసిడ్డు తగిలినచో క్లోరిను వాయువు వెలువడును. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్రెసు కడ జర్మను సేనలు శత్రువులపైకి వదలినది ఈ వాయువునే. ఈ వ్రాయుచున్నవాడు, మా పెరటి జలకపుబండపై మచ్చ రెండు దినములలో పోలేదను విసుగుతో, నాలుగేండ్ల క్రిందట బ్లీచింగు నీరు ఆఱకముందే యాసిడ్డు సీసాను వంచెను. ఒక్క ఊపిరి పీల్చినంతనే గొంతు పట్టుకొనినది. గోడ పట్టుకొని వీథిలోనికి వచ్చి కూలబడితిని. తరువాత మూడు దినములు దగ్గు తెఱపి యీయలేదు. పెరడు పైకప్పు లేనిది గావున బ్రదికితిని. తలుపు మూసిన స్నానపుగదిలో నైనచో ఈ పత్రము వ్రాయువారు వేఱొకరై యుందురు. ఇంటిలో నాకు చెప్పినవారు లేకపోలేదు. సీసాపై ముద్రించిన హెచ్చరికయు నుండెను. కచ్చేరీలో దినమెల్ల పరుల కాగితములను చదివి అనువదించువాడు ఇంటి సీసాపై కాగితమును చదువలేదు.

పశువుల మూత్రము, యూరియా, అమ్మోనియా సంబంధమైన యే యెరువైనను బ్లీచింగునకు శత్రువులే. వాని చేరికచే కన్నులను, ఊపిరితిత్తులను మండించు వాయువులు పుట్టును. కావున కొట్టపు బండలపై మూత్రము నిలిచియుండగా మందు పోయరాదు. ముందు పుష్కలముగ నీటితో కడిగి, పశువులను వెలుపల కట్టి, తలుపులు తెఱచి, పిదపనే మొదలుపెట్టవలెను. శిలాలయములపై నాచు తీయుటకు పురావస్తుశాఖవారు పలుచని అమ్మోనియా నీటిని వాడుట కలదని విని, దానిని దీనితో కలిపి చూతమను బుద్ధి ఎవ్వరికిని పుట్టరాదు. పొడిసంచిని యెరువుల గదిలోను, డీసెలు, కిరసనాయిలు దగ్గఱను ఉంచినచో నిప్పంటుకొను భయము గలదు. విడిగా, ఎండిన చల్లనిచోట, పిల్లలకందనియెడ నుంచవలెను.

చేతులకు రబ్బరు తొడుగులును, కాళ్లకు చెప్పులును, కన్నులకు అద్దములును ఉండవలెను. కంట పడినచో నలుపక, పదునైదు నిమిషములు ధారగా మంచినీరు పోసి, వెంటనే వైద్యునొద్దకు పోవలెను.

ధర్మవరము నేతయిండ్లవారు మఱియొక సంగతి గుర్తుంచుకొనవలెను. బ్లీచింగు నూలుబట్టను తెల్లపఱచును గాని పట్టును కరగించును. పట్టు మాంసకృత్తులతో నైన దగుటచే ఈ నీటిలో ఉప్పువలె కరగిపోవును. నూలును పట్టును వేఱుపఱచి చూచు పరీక్షలలో ఈ గుణమునే యుపయోగింతురు. వాకిట పడుగు సాచియుండగా, రంగుపట్టుచిలపలు ఆఱవేసియుండగా, ఆ ప్రక్కన బండ కడుగరాదు. ఒక్క చుక్క చిందినను నెలదినముల కష్టము చీరనడుమ రంధ్రమై తేలును. మందు ముట్టిన చేతులతో మగ్గము ముట్టరాదు. మల్బరీ తోటపై తుంపర పడినచో ఆ యాకును పురుగులకు వేయరాదు.

కడిగిన నీరు ఎక్కడికి పోవును?

దీనిని ఎవ్వరును అడుగరు గాని ముఖ్యమిదియే. చేపలున్న కుంటలోనికి, పశువులు త్రాగు తొట్టిలోనికి, బావి గట్టునకు, తులసికోటలోనికి ఈ నీరు పోరాదు. స్వల్పమైన క్లోరినును చేపలు ఓర్వలేవు. పల్లమున చిన్న మట్టిగుంత త్రవ్వి అందు చేర్చవలెను. మట్టిలోని కుళ్లు పదార్థము తగిలిన కొలదియు, ఎండ సోకిన కొలదియు దాని బలము పోవును. ఆ గుంతకు దగ్గఱగ కొన్నాళ్లు ఏ మొక్కను నాటరాదు. బకెట్టు అడుగున మిగిలిన సున్నపు అడ్డిని గూడ అందే పోసి మన్ను కప్పవలెను.

పాత గుళ్లు, శాసనములు

ఈ పద్ధతి ఇంటి బండలకే. ఊరి పాతగుడి గోడలపైని, వీరగల్లులపైని, శాసనశిలలపైని బ్లీచింగు ఎంతమాత్రము వాడరాదు. పండుగకు ముందు గుడి కడుగవలెనను భక్తితోనే కొందఱీ పని చేయుదురు. కాని ఆ యుప్పులు రాతి రంధ్రములలో నిలిచి, ఎండినపుడెల్ల స్ఫటికములై ఉబ్బి, పైపొరను పొట్టువలె ఊడదీయును. అక్షరములుండునది ఆ పైపొరయందే. లేపాక్షి వీరభద్రాలయము, పెనుకొండ కోటలోని కట్టడములు వంటి రక్షిత స్థలములను చెఱచుట 1958 నాటి చట్టప్రకారము నేరము. రక్షణ లేని గ్రామశాసన మైనచో చట్టము రాకపోవచ్చును. కాని దానిలో మీ చెఱువునకు హద్దులు, మీ యూరి మాన్యములు వ్రాసియుండవచ్చును. అట్టివానిపై పట్టిన లైకెను నూరేండ్లనుండి యున్నను చదువ వీలగును. బ్లీచింగు పడి పైపొర రాలినచో చదువుటకేమియు మిగులదు. మెత్తని ఈతనార కుంచెయు, మంచినీరును చాలును. చాలకున్న పురావస్తుశాఖవారికి తెలియజేయవలెను.

మరల రాకుండుటకు

మందు మచ్చను తీయును గాని తడిని తీయదు. బోరు తొట్టి కారుచున్నంతకాలము పాచి వచ్చుచునే యుండును. గొట్టము బిగించి, బండలను తొట్టినుండి కాలువవైపునకు మీటరునకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలుగా మరల పఱపించినచో ఒక్కనాటి కూలితో ఏండ్లకొలది మందు ఖర్చు తగ్గును. క్రుంగిన బండ నెత్తి క్రింద ఇసుక పోయవలెను. వేపకొమ్మ జలకపుబండకు నీడయైనచో, చెట్టునంతయు కొట్టక, ఉదయపుటెండ పడునంతమేర కొమ్మలను తీసిన చాలును. రెండుగంటల యెండ ఒక సంచి బ్లీచింగు చేయు పని చేయును. బండల సందులను సన్నపు కంకరయు సున్నమును కలిపి పూడ్చినచో నాచునకు మట్టి దొఱకదు. ముసలివారు నడచు దారిలో నునుపైన కడపబండకు బదులు ఉలితో గంట్లు పెట్టిన గుండ్రాయి బండ వేయించుట మంచిది.

వానకాలము కడపట, అనగా నవంబరు నెలాఖరున, ఒకమాఱు గీకి మందు వేసి, పదునైదు దినములకు రెండవమాఱు వేసినచో, మరుసటి యేడు జూను వఱకు చూడనక్కఱ లేదు. జూనులో తొలివానకు ముందు మరల ఒకమాఱు బండలను పరీక్షించి, పచ్చదనము తోచినచోట మాత్రము 10 లీటర్లకు 200 గ్రాముల చొప్పున పలుచగా పూసి కడుగవలెను.